రంగు పోయిన నీళ్లు పొలానికి పనికొస్తాయా? పాలారు తోళ్ల నీళ్ల కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పని లేనప్పుడు తీరిగ్గా చదవండి, కానీ చివరిదాకా చదవండి. ఇది మన నీళ్ల సంగతి.

పోయిన నెల మా బావ వచ్చాడు. ఆయన పొలం తమిళనాడు సరిహద్దు అవతల ఉంది. సంచిలోంచి ఒక లీటరు సీసా తీసి అరుగు మీద పెట్టాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన కూడా లేదు.

"ఇవి తోళ్ల ఫ్యాక్టరీల నీళ్లు బామ్మర్దీ. శుద్ధి చేసి వదులుతున్నారు. మా చిన్నప్పుడు ఇదే కాలవలో ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నల్లగా పారేవి. ఇప్పుడు చూడు, అద్దంలా ఉన్నాయి. వేరుశనగకి పెట్టుకోవచ్చు అంటున్నారు. పెట్టొచ్చా?"

ఇంట్లో ఈసీ మీటరు ఉంటే తెచ్చి ముంచాను. 3 దాటి చూపించింది. "వద్దు బావా" అన్నాను. "రంగు లేదు కదా, మరెందుకు వద్దు?" అన్నాడు. దానికి జవాబు చెప్పబోతే నూరేళ్ల కథ చెప్పాల్సి వచ్చింది. ఆ కథే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న రేపు మీ ఊరికీ రావచ్చు. తోళ్ల ఫ్యాక్టరీయే కానక్కర్లేదు, బట్టల అద్దకం కావచ్చు, ఇంకోటి కావచ్చు.

లందలు, తంగేడు చెక్క

మన పెద్దవాళ్ల కాలంలో తోలు ఎలా తయారయ్యేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఊరి చివర లందలు ఉండేవి. పచ్చి తోలును సున్నం నీళ్లలో నానేసి వెంట్రుకలు గీకేవాళ్లు. తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్లలో వారాల తరబడి ఉంచేవాళ్లు. తంగేడు అంటే బతుకమ్మలో పేర్చే అదే పసుపు పూల చెట్టు, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడులో ఉండే వగరు పదార్థమే తోలు కుళ్లిపోకుండా కాపాడేది. తమిళనాట దాన్నే ఆవారం అంటారు.

ఆ పనంతా మాదిగ కుటుంబాలు చేసేవి. చెప్పులు, తోలు వార్లు, మోట తొండాలు అన్నీ వాళ్ల చేతి నుంచే వచ్చేవి. కల్లంలో మేర కొలిచేవాళ్లం. వ్యవసాయం నడవాలంటే వాళ్ల పని కావాలి, కానీ లందల వాసన మాత్రం వాళ్ల వాడలోనే ఉండాలని ఊరు తీర్మానించింది. ఈ మాట ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ఈ కథలో మొదటి నుంచి చివరిదాకా ఒకటే జరుగుతుంది. వస్తువు ఒకరికి, మురికి ఇంకొకరికి.

ఆ రోజుల్లో లంద నీళ్లకు కంపు ఉండేది, బెరడు గోధుమ రంగు ఉండేది. కానీ ఊరికి ఒకటో రెండో లందలు. అద్దకం రంగులు లేవు.

మోట తొండంతో వచ్చిన క్రోమ్

ఈ సంగతి నాకు చదివేదాకా తెలియదు. మన దక్షిణాదిలో క్రోమ్ తోలు మొదట వచ్చింది బూట్ల కోసం కాదు. రైతు బావి కోసం.

అమెరికాలో అగస్టస్ షుల్జ్ అనే ఆయన 1884లో క్రోమియం లవణాలతో తోలు పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. బెరడుతో వారాలు పట్టే పని దీంతో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తోలు నీళ్లకూ వేడికీ బాగా తట్టుకుంటుంది. 1900 తర్వాత మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీన్ని ప్రయోగం చేశాడు. దేనికి వాడదామని చూస్తే, బావుల్లోంచి నీళ్లు తోడే మోట తొండాలు కనిపించాయి. బెరడు తోలు తొండం రోజూ నీళ్లలో మునిగి త్వరగా చివికిపోయేది. క్రోమ్ తోలు తొండం ఎక్కువ కాలం ఆగింది.

అంటే ఏ క్రోమ్ తోలు మొదట్లో మన బావి నీళ్లను పైకి తోడిందో, అదే తోలు డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత బావుల్ని చెడగొట్టింది. తప్పు తోలుది కాదు. ఎంత తయారుచేశాం, మిగిలిన నీళ్లను ఎక్కడికి వదిలాం అన్నదే తేడా.

రంగు తొట్టి లండన్ నుంచి ఇక్కడికి ఎలా వచ్చింది

ఇంగ్లీషువాళ్ల కాలంలో మద్రాసు, వాణియంబాడి, దిండిగల్ వైపు నుంచి "ఈస్ట్ ఇండియా తోలు" అని ఓడలకెక్కి లండన్ పోయేది. బెరడుతో పదును చేసిన, రంగు వేయని, సగం తయారైన తోలు అది. దానికి రంగు వేసి, మెరుగు పెట్టి, బూట్లు కుట్టే పని అక్కడ జరిగేది.

అప్పటికి యూరప్‌లో రసాయన రంగులు వచ్చేశాయి. 1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు చేయబోతే ఊదా రంగు తయారైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే ఏజో రంగులనే పెద్ద కుటుంబం పుట్టింది. ఇవాళ బట్టకైనా తోలుకైనా వాడే రంగుల్లో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే. ఆ రంగు నీళ్లు చాలాకాలం యూరప్ నదుల్లోనే పారాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. అందరూ సీఎల్ఆర్ఐ అంటారు. దాన్ని దేశమంతటికీ తెలిసేలా చేసింది మన తెలుగాయన యలవర్తి నాయుడమ్మ గారు. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో రైతు కుటుంబంలో 1922లో పుట్టారు. తోలు పని అంటే చదువుకున్నవాళ్లు మొహం తిప్పుకునే రోజుల్లో అదే చదువు చదివారు, అమెరికా వెళ్లి డాక్టరేట్ చేశారు, 1958లో ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1985లో కనిష్క విమానం పేలుడులో చనిపోయారు. పల్లెల్లో తోలు పనిచేసేవాళ్ల చేతికి మంచి పద్ధతులు అందాలన్నది ఆయన పట్టుదల.

ఇక అసలు మలుపు. 1970ల మొదట్లో సీతారామయ్య కమిటీ ఒక లెక్క చెప్పింది. మనం పచ్చి తోలు, సగం తోలు చవగ్గా అమ్ముతున్నాం, విదేశాలవాళ్లు రంగు వేసి, కుట్టి పదింతలకు అమ్ముకుంటున్నారు. ఆ లాభం మనకే రావాలి అని. దాంతో కేంద్రం సగం తయారైన తోలు ఎగుమతికి కళ్లెం వేసి, పూర్తిగా తయారైన తోలుకు, బూట్లకు ప్రోత్సాహాలిచ్చింది.

ఇందులో తప్పేమీ లేదు. పత్తి అమ్మేకంటే బట్ట అమ్మడం మేలని మనమూ అంటాం కదా. వేలమందికి పని దొరికింది. డాలర్లు వచ్చాయి. కానీ రంగు వేసే పని వచ్చినప్పుడు రంగు నీళ్లు కూడా దాంతోపాటే వస్తాయి. లాభం లెక్క వేశారు, ఆ నీళ్ల లెక్క వేయలేదు. బెరడు పోయి క్రోమ్ ఎక్కువైంది. క్రోమ్ పట్టిన తోలు లేత నీలంగా ఉంటుంది. దాని మీద రసాయన రంగులు బాగా పడతాయి. ఆ విధంగా రంగు తొట్లు పాలారు ఒడ్డుకు చేరాయి.

పాలారు

పాలారు కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా కొద్ది దూరం పారి, తమిళనాడులోకి దిగుతుంది. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట దాటుకుని సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు పైన ఇసుకే, నీళ్లు ఇసుక కింద ఉంటాయి. రెండు ఒడ్లా బావులు ఆ ఊట మీదే బతికాయి. అలాంటి నదిలోకి మురికి వదిలితే కొట్టుకుపోవడానికి పైన ప్రవాహం లేదు. నేరుగా ఊటలోకి, అక్కడి నుంచి బావుల్లోకి దిగుతుంది.

తోళ్ల ఫ్యాక్టరీ నుంచి ఏమేం వస్తాయో చూడండి. పచ్చి తోలు కుళ్లకుండా దాని బరువులో 30 నుంచి 40 శాతం ఉప్పు పట్టిస్తారు. ఫ్యాక్టరీకి రాగానే మొదట చేసేది ఆ ఉప్పు కడిగేయడం. తర్వాత సున్నం, సల్ఫైడు, ఆమ్లం, మళ్లీ ఉప్పు, క్రోమ్. చివర్లో రంగు. పెద్ద చెక్క డ్రమ్ములో తోలు, నీళ్లు, రంగు వేసి తిప్పుతారు. ఫార్మిక్ ఆమ్లం పోసి రంగును తోలుకి పట్టిస్తారు. పట్టని రంగు నీళ్లలో మిగిలిపోతుంది. లీటరులో ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ ఉన్నా కంటికి కనిపించే రంగులున్నాయి. అందుకే కాలవ ఎర్రగానో నల్లగానో పారుతుంటే ఊరంతా చూసేది. కంటికి కనిపించని ఉప్పు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా అదే కాలవలో పోతుండేది.

కోర్టు మెట్లు

1991లో వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం రాసిన ఆ తీర్పు మన దేశ పర్యావరణ చట్టానికే మూలస్తంభం లాంటిది. చెడగొట్టినవాడే మూల్యం కట్టాలి, హాని జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్త పడాలి అనే రెండు సూత్రాలు మన చట్టంలో భాగమేనని ఆ తీర్పు చెప్పింది.

అందులో ఉన్న అంకెలు రైతుగా చదివితే గుండె చివుక్కుమంటుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వేలూరు పరిశోధన కేంద్రం సర్వే ప్రకారం తోళ్ల ఫ్యాక్టరీల పట్టీలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయింది. దిండిగల్ వైపు 13 గ్రామాల్లో చూస్తే 467 బావుల్లో 350 చెడిపోయాయి. ఒక కిలో తోలుకు 35 లీటర్ల నీళ్లు వాడుతున్నారని, క్రోమ్ పద్ధతిలో 170 రకాల రసాయనాలు వాడకంలో ఉన్నాయని కూడా రాశారు.

కోర్టు ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. ఉమ్మడి శుద్ధి కేంద్రంలో చేరండి, లేదా సొంతంగా పెట్టుకోండి, లేకపోతే మూత అంది. నష్టం లెక్కకట్టడానికి ఒక ప్రత్యేక అథారిటీ వేయమంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని ఏజో రంగులు విడిపోతే ఎరోమాటిక్ అమీన్లు అనే పదార్థాలు వస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. ఒంటికి తగిలే వస్తువుల్లో అలాంటి రంగులు వాడకూడదని జర్మనీ 1994లో నిషేధం పెట్టింది. ఆ రంగులుంటే అక్కడ సరుకు కొనరు. మన దేశం 1997లో 70 ఏజో రంగుల వాడకాన్ని నిషేధించింది. నిషేధం మంచిదే, మనకూ మేలే. కానీ ఆలోచించండి. జర్మనీలో బూటు తొడుక్కునేవాడి పాదం గురించి ప్రశ్న వేస్తే రంగులు మారాయి. వాణియంబాడి దగ్గర బావి నీళ్లు తాగేవాళ్లు అంతకు ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు.

రంగు తీయడం మొదలైంది

తీర్పు తర్వాత శుద్ధి పని గట్టిగా నడిచింది. రంగు తీయడానికి ఏం చేస్తారో మన భాషలో చెప్తాను.

మొదటిది, గడ్డకట్టించి దించడం. వాననీళ్లు మడ్డిగా ఉంటే బిందెలో ఇండుపగింజ అరగదీసేవాళ్లం, కొందరు చిల్లగింజ అంటారు. లేకపోతే పటిక తిప్పేవాళ్లం. మడ్డి అడుక్కి దిగేది. ఇదే పద్ధతి. సున్నం, పటిక, ఇనుప లవణాలు కలిపితే రంగులో చాలా భాగం, క్రోమ్ కూడా బురదగా కింద పేరుకుంటుంది. పైన నీళ్లు తేటపడతాయి. మరి ఆ బురద? అది ఎటూ పోదు. క్రోమ్ ఉన్న బురదను పొలంలో వేయకూడదు, ఎక్కడంటే అక్కడ పారబోయకూడదు. దాచిపెట్టాలి. 2015 జనవరి 31న రాణిపేట సిడ్కో పారిశ్రామికవాడలో అలా దాచిన బురద తొట్టి గోడ రాత్రివేళ కూలింది. పక్కన టానరీలో నిద్రపోతున్న 10 మంది కూలీలు ఆ బురదలో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బెంగాల్ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్లు. నీళ్ల నుంచి తీసిన మురికి ఎక్కడ ఉంటుంది అనే ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో ఆ రాత్రి చెప్పింది.

రెండోది, సూక్ష్మజీవులతో తినిపించడం. పెంటకుప్పలో చెత్తను తినేవే, తొట్టిలో గాలి కొట్టి పెంచుతారు. మామూలు మురికిని బాగా తింటాయి. ఏజో రంగుల్ని మాత్రం గాలి ఉన్నచోట సరిగ్గా తినలేవు. గాలి లేని తొట్టిలో, మన గోబర్ గ్యాస్ తొట్టి లాంటి దాంట్లో, ఆ రంగు బంధం తెగుతుంది. రంగు పోతుంది. కానీ తెగిన ముక్కలే పైన చెప్పిన అమీన్లు. అవి రంగు లేనివి. కంటికి కనిపించవు. వాటిని మళ్లీ గాలి తొట్టిలో తినిపిస్తేనే పని పూర్తయినట్టు. మధ్యలో ఆపేస్తే నీళ్లు తేటగానే ఉంటాయి, లోపల సరుకు ఉంటుంది.

మూడోది, బొగ్గు. కొబ్బరి చిప్పల బొగ్గు లాంటిది రంగును పట్టుకుంటుంది. వడ్ల ఊక, వేరుశనగ పొట్టు, రంపపు పొట్టుతో కూడా రంగు తీయొచ్చని ఎన్నో ప్రయోగాలు జరిగాయి. అప్పుడప్పుడు పేపర్లో చూసి "మన ఊకతో ఫ్యాక్టరీ నీళ్లు బాగైపోతాయట" అని పంచుకుంటుంటాం. నిజమే, పట్టుకుంటుంది. కానీ రంగు నాశనం కాలేదు, నీళ్లలోంచి ఊకలోకి మారింది అంతే. ఆ ఊకను ఎవరైనా ఎరువుగా ఇస్తానంటే దండం పెట్టి పంపించండి.

నాలుగోది, కాల్చేయడం లాంటిది. నిప్పుతో కాదు. హైడ్రోజన్ పెరాక్సైడుకు ఇనుప లవణం కలిపితే రంగు అణువును ముక్కలు చేసేంత తీవ్రమైన చర్య జరుగుతుంది. హెన్రీ ఫెంటన్ 1894లో ఈ చర్య గురించి రాశాడు, ఆయన పేరే పెట్టారు. ఓజోన్ వాయువు కూడా వాడతారు. నిజంగా రంగును నాశనం చేసేవి ఇవే. ఖర్చెక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ఈ నాలుగు పద్ధతుల్లో ఒక్కటీ ఉప్పును తీయదు. సున్నం, పటిక వేస్తే ఉప్పదనం ఇంకాస్త పెరుగుతుంది కూడా.

ఉప్పు తీయాలంటే ఆర్వో కావాలి. మన ఊళ్లలో మంచినీళ్ల ప్లాంటు ఉంటుంది చూడండి, అదే, పెద్దది. తమిళనాడులో తర్వాత అదే దారి పట్టారు. ఆర్వోలో వచ్చిన మంచి నీళ్లు మళ్లీ ఫ్యాక్టరీకే, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను ఆవిరి చేయాలి, చుక్క కూడా బయటికి పోకూడదు అని నియమం. మంచి నియమమే. కానీ కరెంటు ఖర్చు భారీగా ఉంటుంది. చివర్లో రకరకాల లవణాలు కలిసిన ఉప్పు మిగులుతుంది, దాన్ని కొనేవాడు లేడు, షెడ్లలో గుట్టలు పడుతోంది. ఖర్చు భరించలేని చోట దొంగదారి వెతుకుతారు. వానలకు పాలారు పారినప్పుడు నురగలు తేలాయని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది.

అందుకే తెలిసినవాళ్లంతా చెప్పేది ఒకటే. చివర్లో తీయడం కన్నా మొదట్లో తక్కువ వేయడం మేలు. తోలుకు అంటిన ఉప్పును కడిగే ముందే దులపడం, వాడిన క్రోమ్‌ను తిరిగి రాబట్టడం, నీళ్లు లేకుండా క్రోమ్ పట్టించడం, రంగు దాదాపు అంతా తోలుకే పట్టేలా చూడడం. ఇందులో చాలా పని సీఎల్ఆర్ఐ చేసింది. మన కలుపు సంగతి లాంటిదే. విత్తనం పడ్డాక పీకేకంటే పూత రాకముందే పీకాలి.

2100 అనే అంకె

ఇప్పుడు బావ సీసా దగ్గరికి వద్దాం. శుద్ధి చేసిన నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 2100 మిల్లీగ్రాములు దాటకూడదన్నది తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు. 1996 తీర్పు కూడా ఆ హద్దే ఉండాలంది. ఫ్యాక్టరీలవాళ్లు అప్పట్లో అది కూడా కష్టమన్నారు.

ఆ అంకెను మన భాషలోకి మార్చండి. టీడీఎస్‌ను 640తో భాగిస్తే ఈసీ వస్తుంది. 2100కి ఈసీ దాదాపు 3.3.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికలో ఏ పంట ఎంత ఈసీ నీళ్లకు ఆగుతుందో ఉంది. దిగుబడి తగ్గకుండా ఉండాలంటే సాగునీటి ఈసీ వరికి 2.0, వేరుశనగకు 2.1, టమాటాకు 1.7, చెరకుకు 1.1, ఉల్లికి 0.8 దాటకూడదు. పత్తి గట్టిది, 5 దాకా ఓర్చుకుంటుంది. ఈసీ 3.3 నీళ్లు పెడితే? వరి, టమాటా దాదాపు పావు వంతు పోతాయి. వేరుశనగ సగం పోతుంది. ఉల్లి సగం కూడా దక్కదు. నేల రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది, కానీ దారి అదే.

ఇంకో లెక్క. ఎకరానికి అంగుళం తడి అంటే సుమారు లక్ష లీటర్లు. లీటరుకు 2.1 గ్రాములు చొప్పున 210 కిలోలు. అంటే ఒక్క తడికి నాలుగు బస్తాల పైన ఉప్పు పొలంలో చల్లినట్టు. పది తడులు ఇస్తే రెండు టన్నులు దాటుతుంది. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. అందులో సోడియం ఎక్కువైతే నేల బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు.

అంటే నీళ్లు తేటగా ఉండొచ్చు, వాసన లేకపోవచ్చు, చట్టం ప్రకారం సరిగ్గానే ఉండొచ్చు, అయినా మీ వేరుశనగ సగం పోవచ్చు. ఆ హద్దు కాలవలో వదలడానికి పెట్టిన హద్దు. మీ పంటను చూసి పెట్టింది కాదు. ఈ పోస్టులో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

పరిహారం కథ

కోర్టు చెప్పిన అథారిటీ 2001 మార్చిలో లెక్క తేల్చింది. 547 టానరీలు కలిసి 29,193 మందికి 26.82 కోట్ల రూపాయలు ఇవ్వాలని. కోట్లు అంటే పెద్దగా వినిపిస్తుంది. తలకు పంచి చూడండి. సగటున మనిషికి 9,200 రూపాయలు కూడా రాలేదు. బావి పోయి, భూమి పోయి, ఏళ్లు పోయినందుకు.

అది కూడా అందరికీ సకాలంలో అందలేదు. కేసు మళ్లీ నడిచి నడిచి, 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. పరిహారం అందనివాళ్లకు రాష్ట్ర ప్రభుత్వమే ముందు ఆరు వారాల్లో చెల్లించి, తర్వాత చెడగొట్టినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి అంది. పాలారును తిరిగి బాగు చేయడానికి రిటైర్డ్ హైకోర్టు జడ్జి పెద్దగా కమిటీ వేయమంది. 1991లో కోర్టుకు వెళ్లినప్పుడు పుట్టిన పిల్లలకు అప్పటికి 33 ఏళ్లు.

తోళ్ల పరిశ్రమ మూసేయాలని నేను అనడం లేదు. దాని మీద లక్షల మంది బతుకుతున్నారు, అందులో ఎక్కువమంది మనకన్నా పేదవాళ్లు. నేను చెప్పేది ఒకటే. పాడయ్యాక కోర్టు న్యాయం చెప్పింది గానీ ఊటను తిరిగి ఇవ్వలేకపోయింది. కాబట్టి జాగ్రత్త ముందే పడాలి.

మనం చేయగలిగింది

ఒకటి. శుద్ధి చేసిన నీళ్లు ఇస్తామంటే రంగు, వాసన చూసి ఒప్పుకోకండి. ల్యాబు రిపోర్టు అడగండి. ఈసీ, సోడియం, క్లోరైడు, క్రోమియం ఎంతెంతో చూడండి. ఈసీని మీ పంట అంకెతో పోల్చుకోండి.

రెండు. ఫ్యాక్టరీ రాకముందే మీ బావి, బోరు నీళ్లు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. తర్వాత చెడిపోయిందని చెప్పాలంటే ముందు బాగుండేదని రుజువు కావాలి. మోటారు పది నిమిషాలు ఆడించి, సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, తేదీ రాసి పంపండి.

మూడు. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి చూడండి. ఊళ్లో పదిమంది కలిస్తే ఒక ఈసీ మీటరు పెద్ద ఖర్చు కాదు.

నాలుగు. తోళ్ల నీళ్ల బురదను ఉచిత ఎరువని ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఎండిపోయి నల్లమట్టిలా కనిపించినా అది పెంట కాదు.

ఐదు. ఇప్పటికే ఉప్పుబారిన నేల ఉంటే ముందు మట్టి పరీక్ష. సోడియం ఎక్కువ అని తేలితే జిప్సం, దాని తర్వాత మంచి నీళ్లతో కడగడం, నీళ్లు బయటికి పోయే దారి. ఈ మూడూ కలిస్తేనే ఫలితం. జిప్సం ఒక్కటే చల్లి కూర్చుంటే డబ్బు దండగ.

మా బావ అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. "ఎర్రగా పారినప్పుడే నయం బామ్మర్దీ, పెట్టకూడదని గొడ్డుకి కూడా తెలిసేది" అన్నాడు.

ఆ నీళ్లు చెట్లకు కూడా పోయలేదు. సీసా మూత బిగించి, మీద తేదీ రాసి, ఈసీ అంకె రాసి అటక మీద పెట్టాం. మీరు కూడా మీ బోరు నీళ్లు ఒకసారి చూసి, వచ్చిన అంకె ఎక్కడైనా రాసి పెట్టుకోండి.